లోపల ఫ్రీ

ముందు ఆ బ్రష్షు కింద పెట్టు. పెట్టు చరణ్! నేను మాట్లాడుతుంటే టైరు తోముడేంది? నల్లటి టైరు నల్లగనే ఉన్నది, ఇంకెంత నలుపు చేస్తవ్ దాన్ని?

ఇటు చూడు. గిది ఎవరు రాసిండ్రు? నీ ఫోన్ స్టేటస్. పొద్దున ప్రార్థన కాంగనే పెట్టినవ్. చర్చి మెట్ల కాడ చెప్పులేసుకుంట చూసిన నేను. మళ్లొక్కసారి చూసిన. నా కండ్లకే ఏమన్న అయ్యిందేమో అనుకున్న.

"చిన్న కారు ఎనిమిది వందలు. పెద్ద కారు పన్నెండు వందలు. షాంపూ వాష్, పాలిష్, టైర్ షైన్. లోపల క్లీనింగ్ ఫ్రీ."

ఫ్రీ! పక్కకు రెండు పువ్వుల బొమ్మలు గూడ పెట్టినవ్. మస్తున్నయి పువ్వులు.

లోపల చేసేదెవరు సారూ? బయట నువ్వు నురగ కొట్టుకుంట, పాటలు పెట్టుకొని, వచ్చేటోల్లకు పోయేటోల్లకు చెయ్యి ఊపుకుంట పెండ్లికొడుకు లెక్క తిరుగుతవ్. లోపట సీటు కింద తలకాయ పెట్టి, మడత మంచం లెక్క మడుసుకొని ఉండేదెవరు? రాత్రి ఎవలన్న దయ్యాలొచ్చి ఊడ్చి పోతున్నయా?

ఏంది? "మనమే గద" అంటున్నవా?

అబ్బ, ఎంత సక్కటి మాట! పని కాడ మనం. రేటు కాడికి వచ్చేసరికి నువ్వు, నీ దోస్తు శ్రీపాల్. చాయ్ హోటల్ల కూసొని ఇద్దరే తేల్చిండ్రు గద రేట్లు. షోరూంల మోటర్ సైకిల్లు అమ్మే ఇద్దరు మొగోల్లు. హైదరాబాద్ రేట్లు ఫోన్ల చూసి, మన జనగామకు గంత ఎవరిస్తరని సగానికి సగం కోసి, మల్ల జర పెంచి... నాకన్నీ తెలుసు, శ్రీపాల్ భార్యకు కడుపుల మాట దాగదు.

నీళ్లు లెక్కేసిండ్రట. షాంపూ లెక్కేసిండ్రట. మైనం డబ్బా, కరెంటు, ఆ పసుపు పచ్చ తుడిసే గుడ్డ గూడ లెక్కేసిండ్రట. గుడ్డ లెక్కలకు వచ్చింది గని, దాన్ని పట్టుకునే చెయ్యి యాదికి రాలే మీకు!

ఆఫరా? గట్ల రాస్తేనే జనం వస్తరా?

సరే, వస్తరు. ఒప్పుకుంట. మరి ఆఫర్ ఇయ్యాలనిపిస్తే నీ పాలిష్ ఫ్రీ అని ఎందుకు రాయలే? "లోపల ఆరు వందలు, పాలిష్ ఫ్రీ." అదీ ఆఫరే గద? పువ్వులు గూడ అవే పెట్టుకోవచ్చు.

ఆ... ఇప్పుడు మొఖం మారింది. పాలిష్ అంటే పనితనమా? మరి నాదేంది, తీర్థయాత్రనా?

నవ్వకు చరణ్. నేను నవ్వియ్యడానికి అంటలేను. నవ్వొచ్చేటట్టు అంటున్న గంతే, అది నా నోటి ఖర్మ.

నేను జాకెట్లు కుట్టేదాన్ని. లైనింగ్ వేస్తే లైనింగ్‌కు వేరే. "పై గుడ్డకు ఇస్త, లోపటి లైనింగ్ ఊకనే వెయ్యి పిల్లా" అని ఈ వాడల ఏ అక్క అన్నా అన్నదా ఇప్పటిదాక? బేరం చేసిండ్రు, సతాయించిండ్రు, చేతులు బిగువు పెట్టినవని లొల్లి చేసిండ్రు. ఫ్రీ అని మాత్రం అనలే. ఆ మిషన్ మీద దుప్పటి కప్పిన, శనివారాలు, ఆదివారాలు కుట్టుడు బందు పెట్టిన. ఎందుకు? నువ్వే అన్నవ్, "ప్రవళికా, ఇద్దరం చేస్తే ఇది నిలబడతది" అని.

నిలబడ్డది. నేను వంగితే నిలబడ్డది.

రేగొండల మా అవ్వ పత్తి ఏరబోతది గద. నువ్వు చూసినవ్, పెండ్లైన కొత్తల నువ్వే బండి మీద దింపి వచ్చినవ్. కిలోకు ఎంత అన్నది గట్టు మీద నిలబడి తేల్చుకున్నంకనే చేన్ల కాలు పెడతది. మా అవ్వ మరియమ్మ ఒక్కతి కాదు, ఎవరైనా గంతే. ఆ రేటు తేలకపోతే కొంగుల సద్ది గట్టుకొని వచ్చినోల్లు వచ్చినట్టే మర్రిపోతరు. చదువు రాని ముసల్ది గట్టు మీద అడిగింది, డిగ్రీ చదివిన నేను కారు డోరు కాడ అడగలే.

అడగలే. అవ్. అదే చెప్తున్న.

ఆ నెల్లికుదురు సారు బండి యాదికున్నదా? మేడారం జాతరకు పోయొచ్చిన బండి. నీకు బయట ఎర్ర దుమ్మే కనబడ్డది. పైపు పట్టి కొట్టినవ్, పోయింది. లోపట? ప్రసాదం బెల్లం ముద్ద సీటు పట్టాల నడుమ పడ్డది, ఎండకు కరిగింది, రాత్రి సల్లదనానికి రాయి లెక్క అయ్యింది. చీమలు ఆడ ఊరు కట్టుకొని, సర్పంచ్‌ను గూడ ఎన్నుకున్నయి.

వేన్నీళ్లు పోసి, గంటె కాడతోని గీకి, పాత పండ్ల బ్రష్షుతోని తోమి... సారు ఏమన్నడు? "ఆ బెల్లం మోరీల వెయ్యకు బిడ్డా, చెట్టు మొదట్ల వెయ్యి" అన్నడు. వేసిన. అమ్మవార్ల బెల్లం, నాకు తెల్వదా? మంచిగ ఆకుల పెట్టి వేసొచ్చిన. మల్ల వెనుక సీటు కిందికి దూరిన.

అప్పుడు సారు బానెట్ మీద చెయ్యి రాసి, "శభాష్ చరణ్, అద్దం లెక్క చేసినవయ్యా" అన్నడు.

నువ్వేమన్నవ్? "థాంక్యూ సార్."

డోర్ల నుంచి నా రెండు కాళ్లు బయటికున్నయి చరణ్! సారు నా కాళ్లు తొక్కకుంట సుట్టు తిరిగి పోయి నీ చేతుల పైసలు పెట్టిండు. సారుకు కనబడ్డయి, నీకు కనబడలే.

ఊకో, దండం పెట్టకు. దండాలకు రేటు లేదు ఇయ్యాల.

ఇప్పుడు అసలు ముచ్చట విను. నువ్వు అన్నం తిననీకి పోయినప్పుడు రాజలింగన్న వచ్చిండు. స్టేషన్ కాడ ఆరు కిరాయి బండ్లు నడిపే రాజలింగన్ననే. మానుకోటకు పెండ్లి బండ్లు, భూపాలపల్లి దిక్కు జాతర బండ్లు, అన్నీ ఆయనవే. నువ్వు ఆర్నెల్ల సంది "అన్నా, జర మనకియ్యే" అని ఎనుక పడ్డవ్ గద, ఆయన తనంతట తానే వచ్చిండు. నేను కుర్చీ వేసిన, మంచినీళ్లిచ్చిన.

ఫోన్ తీసి నీ స్టేటస్ చూపించిండు.

"చెల్లె, బయట మా డ్రైవర్లు కడుక్కుంటరు. మాకు లోపటిదొక్కటే కావాలె. ఆరు బండ్లకూ, నెలనెలా. ఫ్రీ అని ఉన్నది గద?"

నేను నవ్విన. నవ్వులాటకు అంటున్నడేమో అనుకున్న. ఆయన నవ్వలే.

ఆయనదేం తప్పు? మంచిగ చదువుకున్నడు మనిషి. నువ్వు రాసింది రాసినట్టు చదివిండు. నీకే తెల్వలే నువ్వేం రాసినవో.

"గట్లెట్ల చేపిచ్చుకుంటడు, ఏదో ఒకటి ఇస్తడు తియ్యి" అంటవా? ఏదో ఒకటి అంటే ఎంత? చెప్పు, ఏదో ఒకటి ఎంత? షాంపూ దుకాణంల ఏదో ఒకటి ఇచ్చి డబ్బా తెచ్చుకో పో!

ఏందేంది? మొదటి నెల ఊకనే చేసి, అలవాటైనంక అడుగుదామా?

అలవాటైనంక అడిగితే రేటు అనరు చరణ్, కొట్లాట అంటరు. "మొన్నటిదాక చేసిండ్రు గద, ఇప్పుడేం పుట్టింది" అంటరు. అప్పుడు పోయి మాట్లాడేదెవరు? నువ్వు టైరు తోముకుంట కూసుంటవ్, నేను పోవాలె.

కిరాయి బండ్ల లోపట ఏముంటదో ఎన్నడన్నా చూసినవా? పల్లి పొట్టు, కోడి ఈకలు, పెండ్లి అక్షింతలు, ఎవల్దో కాలిపట్టీ. పిల్లలు కిటికీకి మొఖం పెట్టకముందే కక్కింది సీట్ల సందులల్ల. ఒక్కొక్క బండికి పూట పడతది. ఆరు బండ్లు. ఫ్రీ. చేతులు చూడు, ఇటు చూడు. ఆ సీట్లు తోమే మందు నీళ్లకు వేళ్ల నడుమ పగిలినయి. నిన్న పచ్చిపులుసుల చింతపండు పిసికితే కండ్లల్ల నీళ్లొచ్చినయి. నువ్వు "మస్తయ్యింది పులుసు" అన్నవ్.

అవును, మస్తే అయ్యింది. అది గూడ ఫ్రీ.

ఏంది? నేనేమన్ననా? రాజలింగన్నకు నేనేం జవాబిచ్చిననా?

...

ఎందుకు అడుగుతవ్ అది?

అడుగు, అడుగు. అడగాలె. గీ లొల్లి అంత అందుకే గద.

ఆయన చెడ్డోడు కాదు. నా మొఖం చూసి ఆయనకే ఏదో అనిపిచ్చింది. "సరే చెల్లె, ఫ్రీ వద్దు. ఎంత తీసుకుంటవో నువ్వే చెప్పు" అన్నడు. నాతోనే అన్నడు. నీ పేరు తియ్యలే.

నేను నోరు తెరిసిన.

ఒక్క అంకె రాలే చరణ్. ఐదు వందలు అందామనుకున్న, మరీ ఎక్కువైతదేమో అనిపిచ్చింది. మూడు వందలు అందామనుకున్న, అదీ అనలే. ఊడ్చుడు, తుడుసుడు, ఇంట్ల రోజూ చేసేదే గద, దీనికి పైసలు అడిగితే నవ్వుతడేమో అని. వాడంతా నోరుగల్ల పిల్ల అంటరు నన్ను. ఆ నోట్ల నుంచి ఏమొచ్చిందో ఎరుకేనా? "మా ఆయన వచ్చినంక చెప్తడన్నా."

ఆయన తలకాయ ఊపి, "పొద్దుగూకేలోపట ఫోన్ చేస్త" అని పోయిండు. అప్పటి సంది కాలుతున్న నేను. నీ మీదనే కాలుతున్న, నువ్వు రాసినందుకు. గని నువ్వు రాసింది నా కడుపుల గూడ రాసి ఉన్నది. అది మరీ మంట.

దగ్గరికి రాకు. చేతులకు మైనం ఉన్నది నీకు.

ఫోన్... ఎవరు? ఆయనేనా?

నువ్వు ఎత్తకు! చరణ్, ఎత్తకు అంటున్న. ఇటియ్యి. ఇటియ్యి ముందు. సప్పుడు చెయ్యకుండ నిలబడు ఆడ.

అన్నా, నమస్తే. ఆ, నేనే. ప్రవళికను. లేడన్నా... ఉన్నడు, ఉన్నడు, గని లోపటిది నేనే మాట్లాడుత. చేసేది నేనే గదన్నా. బండికి ఆరు వందలు. అవ్, ఆరు. చిన్నదైనా పెద్దదైనా గంతే. కక్కిన బండి అయితే తొమ్మిది వందలు, అండ్ల బేరం లేదు. ఫ్రీ అనా? అది మా ఆయన తెల్వక రాసిండన్నా, తీసేస్తడు. ఆరు బండ్లకు కలిపినా అదే రేటు. ఏందన్నా? హలో... అన్నా? హలో?

పెట్టేసిండు.

లేదు, సిగ్నల్ కాదు. చూస్త అనలే, తక్కువ చేసుకో అనలే. పెట్టేసిండు. పోయినయి ఆరు బండ్లు.

గీ ఒక్క మాటకు.

ఆర్నెల్లు ఎనుక పడ్డవ్, నేను ఒక్క నిమిషంల పోగొట్టిన. ఇప్పుడు మాట్లాడు. ఇంతసేపు నేనే ఒర్రిన, ఇగ నీ వంతు. తిట్టు, నేనేం అనుకోను.

గని ఆరు వందలు ఎక్కువ చెప్పినవని తిట్టు. ఎందుకు చెప్పినవని మాత్రం తిట్టకు.