దూలానికి యాలాడే దొర సైకిలు

నిచ్చెన ఎర్రిసామని ఒకాయప్ప ఉండె. నిచ్చెన అనేది ఇంటిపేరు కాదబ్బా, ఆయప్పే నిచ్చెన. అంత పొడుగు. యా వాకిట్లో దూరాలన్నా ముందు తల వంచి, ఆమీట నడుము వంచి, అదీ చాలకపోతే మోకాల్లు వంచి దూరాల. మంచం మీద పండుకుంటే పిక్కల కాడి నుంచి కాల్లు బయటే. పెండ్లిలో సుంకమ్మ, అదే ఆయప్ప పెండ్లాము, తలంబ్రాలు పొయ్యాలంటే పీట మీద పీట ఎక్కిచ్చి నిలబెట్టినారంట. నవ్వుతాండారా, నవ్వండి, అప్పుడు ఊరు గూడా నవ్వె. నవ్వి ఊరుకున్యారా? పని చెప్పె. ఎర్రిసామీ, కొట్టం మీదికి సొరతీగ పాకింది, కాయ కోసియ్యి. ఎర్రిసామీ, అటక మీద పెద్ద తపేల ఉంది, దించి పో. ఉయ్యాలకు కొక్కీ తగిలియ్యి, పీర్ల చావిడికి కాగితాలు కట్టు, ఇంట్లో గబ్బిలం దూరింది తోలు. ఆయప్పకు లేదు అనే మాట నోట్లో లేదు. మెత్తనోన్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు గదా, అట్లయిపాయ ఆయప్ప బతుకు. పొద్దున లేస్తే ఎవురికో ఒకరికి చెయ్యెత్తడమే పని. ఏయ్ పిల్లా, ఆ శెనక్కాయల చాట ఇట్ల తొయ్యి, వింటా వింటా వలవండి.

ఆయప్ప పనేమంటే టపా మోసేది. పొద్దున్నే టేషన్లో రైలు దింపిన సంచి తీసుకోని, గుట్ట దావన మూడూర్లు తిరిగి జాబులిచ్చి, ఆ ఊర్లలో డబ్బాల్లో ఏసిన జాబులు ఏరుకోని, మధ్యాన్నం రెండు గంటల రైలుకు మళ్లా సంచి అందియ్యాల. రైలు ఎవురి కోసరమూ నిలబడదు గదా. పోనూ రానూ పద్దెనిమిది మైళ్లు అనుకో. ఉండే సైకిలేమో మామ ఇచ్చిన పాతది, ఇరవైనాలుగు ఇంచీల ఫ్రేము. మనకు అదే పెద్దది, ఆయప్పకు అది పిల్లోల్ల సైకిలు. సీటు కింద ఇంకో పైపు అతికిచ్చి లేపినా గూడా, తొక్కుతాంటే మోకాలొచ్చి గెడ్డం కాడికి లేసేదంట, హ్యాండిలు తిప్పితే మోకాలికి కొట్టుకునేదంట. కాలు చాపి తొక్కేది ఆయప్ప యెరగడు. కప్ప మాదిరి ముడుచుకోని తొక్కడమే, ఇరవైరెండేండ్లు. ఇంక మోకాల్లు ఏం కావాల? రెండూ వాచిపాయ. సాయంత్రం ఇంటికొస్తే సుంకమ్మ ఉప్పుమూట కాంచి కాపు పెడతాంటే అబ్బా అని గూడా అనడంట, గోడ కల్లా చూస్తా కూకునేవాడంట. ఏమప్పా నొప్పా అంటే, నొప్పి కాదే, అలుపు, అంటాడంట. ఒళ్లు అలిస్తే పండుకుంటే పోతాది, ఇది పండుకున్యా పోని అలుపు.

ఇట్లుండంగా ఏమైందంటే, రెండుసార్లు సంచి రైలు తప్పె. ఒగసారి మోకాలు పట్టుకోని గుట్ట కాడ కూలబడినాడు. ఇంగోసారి ఎవురిదో కోడి చింతచెట్టు ఎక్కిందంటే దించేదానికి నిలబడినాడు. దాంతో పోస్టు ఇనస్పెట్రు వచ్చి కూకోబెట్టి చెప్పె. చూడు ఎర్రిస్వామీ, నీ మీద నాకేం కోపం లేదు, కానీ ఇంకొక్కసారి సంచి తప్పిందంటే ఈ పని ఇంకొకరికి రాసేస్తాను, ఇంట్లో కూర్చుందువు గాని, అనె. ఇంట్లో కూకుంటే తినేదేమి? సెంటు భూమి లేదు. ఇంకా నాలుగేండ్లు లాగితే పింఛను వస్తాది, ఈలోపల తప్పితే అదీ లేదు. ఆ మాట విని సుంకమ్మ ఏడ్సె. ఆయప్ప ఏడ్చేదానికి గూడా ఓపిక లేక ఊరికే ఉండె.

ఇంక ఈ పక్క టేషన్ వీధిలో పీరాసాబు సైకిలు షాపు. పీరాసాబు పొట్టి మనిషి, చెయ్యి మాత్రం శానా మంచిది. ఆయన షాపులో దూలానికి ఒక సైకిలు యాలాడతాండె. అది యాడిదంటే, వెనకటికి ఆసుపత్రిలో ఒక డాక్టరు దొర ఉండె, వాడూ తాటిమాను అంత మనిషే. వాళ్ల దేశం నుంచి ఓడలో తెప్పిచ్చుకున్యాడంట. సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల మాదిరి వంగిన హ్యాండిలు, ఫ్రేమేమో ముప్పై ఇంచీలకు రవ్వంత తక్కువ. దొర పోతా పోతా పీరాసాబు నాయనకు ఇచ్చి పాయ. ఎవురెక్కినా కాలు అందదు. అరుగు మీద నుంచి ఎక్కినోల్లు ముగ్గురు నలుగురు వీధి చివర పడినారు. కొనేటోడు లేడు, కోసి పొట్టిది చేద్దామంటే పీరాసాబుకు మనసొప్పల్యా. ఇంక దూలానికి కట్టిచ్చినాడు, షాపుకు గుర్తుగా. యా షాపప్పా అంటే, పెద్ద సైకిలు యాలాడే షాపు అంటారు జనం. కట్టింది ఎవురు? ఇంకెవురు, మన ఎర్రిసామే. ఆ దూలం ఇంకెవురికి అందుతాది? ఏటా ఆయుధపూజకు దించేది ఆయప్పే, తుడిచి నూనె పెట్టేది ఆయప్పే, బొట్లు పెట్టినాక మళ్లా ఎత్తి తగిలిచ్చేది ఆయప్పే. ఇట్ల ఇరవైయేండ్లు జరిగె.

పీరాసాబుకు ఒక పద్ధతి ఉండె, వినండి. ఆయన కాడ సైకిలు కొనాలంటే మనిషిని నిలబెట్టి, సీటు చంక కింద పెట్టుకో అంటాడు. పెట్టుకోని చెయ్యి చాపితే వేళ్లు పెడల్ల ఇరుసుకు తగలాల. తగిలితేనే అమ్మేది. తగలకపోతే, పో నాయనా, నీ కాల్లు నన్ను తిడతాయి, అని పంపిచ్చేస్తాడు. చుట్టుపక్కల ఊర్లలో ఆయన కొలవని చంక లేదు. ఎర్రిసామిది ఒకటి కొలవల్యా. ఎందుకంటే ఎర్రిసామి ఆ షాపుకు కొనేదానికి ఎప్పుడూ పోల్యా, పని చేసిచ్చేదానికే పాయ.

ఆ యేడు ఆయుధపూజకు సుంకమ్మ గూడా యెంట పాయ, మోకాల్లకు రాసే నూనె ఆ వీధిలోనే కొనుక్కుందామని. ఎర్రిసామి సైకిలు దించి, రెండు కాల్ల మధ్యన నిలబెట్టుకోని, నిమ్మళంగా హ్యాండిలు తుడుస్తాండాడు. ఎట్ల పట్టుకున్యాడో ఆయప్పకే తెలీదు. సుంకమ్మ వాకిట్లో నుంచి చూసి, ఏమప్పా, అది నీకు సరిపాయ గదా, అనె. ఎర్రిసామి కిందికి చూసె. పీరాసాబు పైకి చూసె. చంకలో పిల్లను పెట్టుకోని ఊరంతా యెతికినట్ల, ఇరవైయేండ్లు చేత్తో తుడిచి తుడిచి ఒక్కనాడైనా కాలేసి చూడల్యా ఆయప్ప. ఆయప్పకు అది సైకిలు కాదు, షాపు గుర్తు. సుంకమ్మే నోరు చేసుకోని, పీరన్నా, మా ఆయప్ప మోకాల్లు చూస్తాండావు గదా, ఇది ఇయ్యరాదా, అని అడిగె. పీరాసాబేమో, ఇద్దును గానమ్మా, ఎదురుగా కొత్త షాపు పెట్టినారు, రంగుల బోర్డు ఏసినారు, ఇది తీసేస్తే నా షాపు ఏదని ఎవురికి తెలుస్తాది, అనె. సుంకమ్మ ఇంకా ఏమో అనబోతాంటే ఎర్రిసామి ఏం చేసినాడనుకున్యారు? పీరన్న చెప్పేది నిజమే లేవే, అని ఆ సైకిలు ఎత్తి, తన చేత్తోనే మళ్లా దూలానికి తగిలిచ్చేసె.

దావ పొడుగునా సుంకమ్మ తిట్టె. ఊరందరికీ చెయ్యెత్తుతావు, నీ కోసరం ఒగసారి చెయ్యి చాపలేవా, అనె. ఎర్రిసామి సైకిలు దొబ్బుకుంటా నడుస్తా, ఎత్తేది వచ్చునే నాకు, చాపేది రాదు, అన్నాడంట.

ఇంక పీరాసాబు సంగతి. ఆ పొద్దు నుంచి ఆయనకు అన్నం దిగల్యా. కొత్తోడు ఎవురన్నా సైకిలు కొనేదానికొచ్చి చంక కింద సీటు పెట్టుకుంటే, ఈయన కండ్లు దూలం మీదికి పోతాండె. ఎనిమిది దినాలకు ఏమైందంటే, రెండు గంటల రైలు కూత ఏసింది. ఎర్రిసామి అప్పుడే వచ్చి షాపు ముందర స్తంభం పట్టుకున్యాడు. కాలు ముడుచుకున్నది ముడుచుకున్నట్లే ఉంది, విప్పుదామంటే రాదు. రెండు చేతుల్తో మోకాలు పట్టి విప్పి, కుంటుకుంటా పోయి, కదిలిన రైల్లోకి సంచి ఇసిరినాడు. అది చూసి పీరాసాబు పిలిచె. ఎర్రిసామీ, ఆ సైకిలు దించప్పా. పండగ అయిపాయ గదన్నా అంటాడు ఈయప్ప. దించప్పా నువ్వు, అనె. దించినాడు. చంక కింద పెట్టుకో అనె. పెట్టుకోని చెయ్యి చాపితే వేళ్లు పోయి ఇరుసు మీద నిలబడె, ఎంట్రుక వాసి తేడా లేదంట. పీరాసాబు బండమీద కూలబడి, నీతోనే కట్టిచ్చినా, నీతోనే దింపిచ్చినా, నిన్ను ఒగనాడు కొలవల్యా, నేనేం మేస్త్రీని, అని కండ్లు తుడుచుకున్యాడు. ఎర్రిసామి, ఊరుకోన్నా, నేను మాత్రం అడిగినానా, అనె. షాపు గుర్తుకు ఏం చేస్తావన్నా అంటే, నీ పాతది కట్టుకుంటాలే, అనె పీరాసాబు. దాన్ని కట్టిందీ ఎర్రిసామే, అది మీకు తెలుసు.

టైర్లు బళ్లారి నుంచి రావాల్సొచ్చె. వచ్చినాక బిగిచ్చి, సంచికి వెనక క్యారేజీ ఏసి చేతికిచ్చె. ఎర్రిసామి ఎక్కి తొక్కినాడు. కాలు కిందికి పాయ, ఇంకా పాయ, పూర్తిగా చాపుకునె. మోకాలు యాడా తగలల్యా. వాకిలి కాదు, మంచం కాదు, ఈ బూమ్మీద తన కొలతకు చేసిన వస్తువు ఒకటి ఉందని ఆయప్పకు యాభై నాలుగేండ్లకు తెలిసె. తొక్కుతా తొక్కుతా ఏడ్చినాడంట, గుట్ట ఎక్కేదాకా.

అయితే ఊరు మారల్యా గదా. ఆ సైకిలు మీద కూకుంటే ఆయప్ప మైలు దూరం నుంచే కనపడతాండాడు. ఇంక ప్రతి వాకిట్లో ఒకరు తయారుగా నిలబడతాండారు. దించు, తగిలియ్యి, కొయ్యి. రెండు దినాలు కదిలే రైలు తోక పట్టుకోని సంచి అందిచ్చినాడు. మూడో దినం మూడో ఊర్లో సర్పంచి సిద్ధారెడ్డి ఇంట్లో పెండ్లి. పందిరి ఏసినారు. ఆడికొచ్చేసరికే ఒకటిన్నర దాటె. సర్పంచి వీధిలోకొచ్చి, ఒరే ఎర్రిసామీ, ఒక్క నిమిషం నిలుపు, ఈ బల్బుల సరం తగిలిచ్చి పో, అనె. ఒక్క నిమిషం అంటే పావుగంట, మీకు తెలీదా? పావుగంట అంటే సంచి పాయ, పని పాయ, పింఛను పాయ. అయినా గూడా నిలపాలనే అనుకున్యాడంట, అలవాటు గదా. కానీ కాల్లు జీవితంలో మొదటిసారి సుఖంగా తిరుగుతాండాయి, అవి నిలపల్యా. ముందర కల్లా చూస్తా, గంట కొట్టుకుంటా, సర్పంచి ముందరే సర్రుమని పాయ. సర్పంచి చేతిలో సరం అట్లే ఉండె. రైలు వచ్చేదానికి పది నిమిషాలు ముందే టేషన్ చేరి, బెంచీ మీద కాల్లు చాపుకోని కూకున్యాడంట.

ఆ ఊర్లో పంచాయితీ అయె. ఎర్రిసామి నిలబడకుండా పాయనంట, ఏంటికి? లేదన్నాడేమో అని ఒక్కరికన్నా తోచాల గదా, తోచల్యా. ఆయప్ప అట్లాంటోడు కాదు అనిరి. శానాసేపు ఆలోచన చేసి సర్పంచే తేల్చె. పాపం, దొర సైకిలు గదా, దానికి బ్రేకులు లేవు, అనె. అందరూ అవును అవును అనిరి, ఆ మాట అన్ని ఊర్లకూ పాకె. ఆ పొద్దు నుంచి ఆయప్ప వస్తాంటే, జరుగండి జరుగండి, దానికి బ్రేకులు లేవు, అని ఆడోల్లు పిల్లోల్లను పక్కకు లాగేవాళ్లంట. జాబులు పోతా పోతానే వాకిట్లలోకి ఇసిరేవాడంట, డబ్బా కాడ మాత్రం కాలు నేలకు ఈడ్చి నిలిపేవాడంట. ఇద్దరు ముగ్గురు జాలిపడి, బ్రేకులు ఏసియ్యరాదా అని పీరాసాబును అడిగిరి. పీరాసాబు ఎర్రిసామి మొగం చూసి, ఆ సామాను ఈడ దొరకదమ్మా, అనె. నాలుగేండ్లు తొక్కె, ఒక్కనాడు సంచి తప్పల్యా, పింఛను తీసుకునె.

బ్రేకులా? రెండుండె, పీరాసాబు చేతివి, తిరుగులేనివి. సుంకమ్మ మాకు పెద్దమ్మ వరస, ఆయమ్మే చెప్పింది, ఇంటి వాకిలి కాడికొస్తే గీత గీసినట్ల నిలబడేదంట సైకిలు. ఊరు ఒక మనిషిని ఎంత వాడుకుంటాదంటే, వాడు కాదన్నా ఆ తప్పు సైకిలు మీదికే పోతాది గానీ వాని మీదికి పోదు. ఏంది, ఇంగో కథా? పొద్దున్నుంచి నాలుగు చెప్పిచ్చుకున్యారు, చాట నిండా కాయలు నాతోనే వలిపిచ్చుకున్యారు. నాకు గూడా బ్రేకులు లేవనుకోండి, పోతాండా.