తనకల్లు వానలోటును సరిగా సవరించిన మొహిద్దీన్ సారు

1971 జూన్ 14వ తేదీన, చంకలో గొడుగుతో రాయదుర్గం బస్సు దిగి మా వర్షపాత గణన కేంద్రంలో చేరిన శ్రీ గౌస్ మొహిద్దీన్ గారు, ఈ 1989 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. అనంతపురానికి గొడుగు తెచ్చుకున్న మనిషిని చూసి ఆనాడు కార్యాలయమంతా నవ్విందట. అది ఎండకని ఆయన గంభీరంగా సెలవిచ్చారట.

గుమ్మఘట్టలో జన్మించి, తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలలో సమాన ధారాళతతో మందలించగల ఈ పూర్వ గణితోపాధ్యాయులు, తొలి పన్నెండేళ్లు చేతియంత్రాలు తిప్పుతూ జిల్లా వానలెక్కలు కట్టారు. 1983లో కంప్యూటరు వచ్చినప్పుడు, యాభై దాటిన వయస్సులో, మా వంటి కుర్రవాళ్లు దానికి కుంకుమ బొట్టు పెట్టి దూరంగా నిలబడి ఉండగానే, యంత్రానికి నేరుగా ఆదేశాలిచ్చే అసెంబ్లీ భాషను స్వయంగా అభ్యసించారు.

లెక్కలోని చిల్లరను తీసి పూర్ణాంకానికి సవరించడానికి ఆ యంత్రంతో వచ్చిన క్రమం, ఫ్లోటింగ్ పాయింట్ అని మేము పిలిచే దశాంశ సంఖ్యలను ఒక్కొక్కటిగా పూర్ణాంకంగా మార్చి, తిరిగి దశాంశ రూపానికి తెచ్చేది. ఫలితం సరైనదే గాని, నడక నత్తనడక. జిల్లా లెక్క ముగిసేలోగా కరెంటు పోయేది. పోతే కథ మళ్లీ మొదటికే. మొహిద్దీన్ గారు ఆ రాకపోకలను తీసివేశారు. సంఖ్యలో బిందువు ఎక్కడుందో చెప్పే భాగాన్ని చూసి, బిందువు తర్వాతి అంకెలను ఉన్నచోటనే తుడిచివేసే క్రమాన్ని కొద్దిపాటి ఆదేశాలతో రాశారు.

1984లో ఆ క్రమం మీదనే మా ఊరి భవితవ్యం ఆధారపడింది. సగటు కంటే వాన ఎంత తగ్గిందో శాతంలో కట్టి, చిల్లర ఉంటే కింది పూర్ణాంకానికి దించాలని మా నియమం. మైనస్ ఇరవై ఆరుకు దిగిన ఫిర్కాకే, అంటే ఆ ఊళ్ల సముదాయానికే, సర్కారు పశుగ్రాసం అందుతుంది. మా తనకల్లు లెక్క మైనస్ ఇరవై అయిదు పాయింట్ నాలుగు దగ్గర ఉంది. గడ్డి లేక, మా నాయన కాడెద్దులను సంతకు తోలడానికి సిద్ధపడి కూర్చున్నారు.

ఏ క్రమాన్నైనా యంత్రానికి అప్పగించే ముందు మనుషులచేత నడిపించడం మొహిద్దీన్ గారి ఆచారం. ప్రాసెసరులో సంఖ్యలు కాసేపు నిలిచే గదులను రిజిస్టర్లంటారు. మా వరండాలో మేమే ఆ రిజిస్టర్లం. ఒక్కొక్కరి ఒడిలో ఒక పలక. ఆయన ఆదేశం చదివితే, పేరు పలికినవారు చూపాలి, తుడవాలి, రాయాలి. ఆ మధ్యాహ్నం తనకల్లు సంఖ్యనే తీసుకున్నారు. నా పలక మీద అంకెలు, సహోద్యోగి హనుమంతప్ప గారి పలక మీద బిందువు స్థానం, టైపిస్టు భద్రమ్మ గారి పలక మీద మైనస్ గుర్తు. నేను నాలుగును తుడిచాను, ఇరవై అయిదు మిగిలింది. ఇంత త్వరగా ముగిసినందుకు అందరం చప్పట్లు కొట్టాము.

భద్రమ్మ గారు మాత్రం మండిపడ్డారు. "ఏమప్పా సారూ, అందర్నీ పిలిచినారు, నన్ను పిలవనే లేదే! ఊరికే పలక పట్టుకోని కూచునేదానికా నేను ఈడ ఉండేది?"

మొహిద్దీన్ గారు పలకల వంక చూసి, నుదురు కొట్టుకున్నారు. "నిన్ను పిలవకపోవడమే తప్పయిపోయినాదమ్మా! మన జిల్లాలో మైనస్ లేని లెక్క యాడుండాది? దాన్నే మరిచినా."

చిల్లరను తుడిస్తే ధనసంఖ్య కిందికి దిగుతుంది; రుణసంఖ్య పైకి ఎక్కుతుంది. మైనస్ ఇరవై ఆరు కావలసిన తనకల్లు, మైనస్ ఇరవై అయిదుగా నిలిచి గడ్డికి దూరమయ్యేది. గుర్తు మైనస్ అయితే ఒకటి తగ్గించాలని ఆయన అక్కడికక్కడే ఆదేశం చేర్చబోయారు.

"అంతేగదన్నా, మైనస్ అయితే ఒకటి దించేస్తే పాయె" అన్నారు హనుమంతప్ప గారు.

"చిల్లర లేనోళ్లను ఎందుకప్పా దించేది? తుడిచిన దాంట్లో ఏమన్నా ఉంటేనే దించల్ల" అన్నారు మొహిద్దీన్ గారు. ఆ షరతును కూడా చేర్చి మళ్లీ నడిపించినప్పుడు, భద్రమ్మ గారు పిలవకముందే పలక పైకెత్తారు.

మరునాడు కరెంటు పోకముందే జిల్లా లెక్క ముగిసింది. తనకల్లుకు మైనస్ ఇరవై ఆరు వచ్చింది, వెనుకనే గడ్డి లారీ కూడా వచ్చింది. మా ఎద్దులు సంతకు పోలేదు. ఆ రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయని రాయడానికి నాకు సంకోచం లేదు.

ఆ తర్వాత చేరిన ప్రతివారికీ మొహిద్దీన్ గారు తన పొరపాటునే మొదటి పాఠంగా బోధించారు, సాక్ష్యానికి భద్రమ్మ గారిని పిలిచి మరీ. ఆమె ఏటికేడు దానిని కొంత పెంచి చెబుతూ వచ్చారు. ఆయన ఎన్నడూ ఖండించలేదు.

శ్రీమతి మేరాజ్ బీ గారి సాహచర్యంలో వారు సంపూర్ణారోగ్యంతో, కరెంటుతో పని లేని ప్రశాంతతతో చిరకాలం జీవించాలని మా అందరి ఆకాంక్ష. వారి ఆయుష్షు లెక్కలో చిల్లర మిగిలితే, ఆ పైవాడు మా కేంద్రపు నియమాన్ని పక్కన పెట్టి, దానిని పైకే సవరించుగాక. ఇది మా నాయన ప్రార్థన కూడా. ఆ ఎద్దులను ఆయన ఇంకా అమ్మలేదు.

— హనుమంతరాయుడు, గణాంక సహాయకుడు