బాబా తినని కౌజు పిట్ట

"మామా, నువ్వు నీ కఫీల్ తోని కొండలల్ల వేటకు పోయినవంట. నిజమేనా?"

నిజమే అల్లుడా. ఎవ్వడు చెప్పిండు నీకు, గా డ్రైవర్ ఖాజానా? వాడు చెప్పిండంటె నేను పులిని కొట్టిన అనే చెప్పి ఉంటడు. పులీ లేదు, గిలీ లేదు. పిట్ట. ఒక్కటంటె ఒక్క పిట్ట. రికార్డు చేస్తె చెయ్యి గని, ఆ ఫోను నోటికి అడ్డం వెడితె నాకు మాట రాదు, జర పక్కకు వెట్టు. ఆఁ, గట్ల.

నేను గీ దేశం అచ్చిన కొత్తల ముచ్చట ఇది. అభా పట్నం అవుతల ఘాటు తిహామా దిక్కు, సముద్రం దిక్కు దిగుతది సూడు, ఆ కొసకు అబూ సాలెం అని ఒక ముసలాయిన తోటల పని చేస్తుంటి. ఆయినె నా కఫీలు, వీసా ఇచ్చి నన్ను తెచ్చుకున్న ఆసామి. నేను బాబా అనేటోణ్ణి. రాతి గోడలు కట్టుడు, దానిమ్మ చెట్లకు నీళ్లు వెట్టుడు, మేకలను సూసుడు, అన్నీ నేనే. రియాలుకు నాలుగు కుబ్బూసు రొట్టెలు అచ్చేటియి. రెండు పొద్దుగాల, రెండు మాపటికి, నంజుకోను ఉల్లిగడ్డ. నువ్వు ఇప్పుడు బర్గరు సల్లగైందని మొఖం ముడుస్తవు గని, అప్పుడు మాకు ఉల్లిగడ్డే పండుగ.

ఇగ సంగతేందంటె, నేను అచ్చినప్పుడు మీ అత్తకు ఆరో నెల. బిడ్డ పుట్టింది, నడక నేర్చింది, మాటలు నేర్చింది, నేను సూడలే. మీ అత్త జాబు మీద జాబు రాపిస్తది. మూడో ఏడు నిండకముందే పుట్టెంటికలు తియ్యాలె, ఎములాడ రాజన్నకు మొక్కినం, పోరికి ఎంటికలు కండ్లల్ల వడ్తున్నయి, నువ్వు రాకుంటె ఎట్ల అని. నేను పోయి బాబాను ఇంటికి పోను చుట్టీ అడిగితె, ఈ గోడ అయినంక అంటడు. ఆ గోడ అయితె ఇంకో గోడ సూపెడ్తడు. కొండ మీద గోడలకు కొదువనా? రెండేండ్లు గట్లనే నడిచింది. పాస్‌పోర్టు ఆయిన పెట్టెల, నా పానం ఎములాడల.

ఓనాడు బాబా గోడకాడికి అచ్చి, మీ దేశంల ఏం పని చేసేటోనివిరా అని అడిగిండు. నేను చెప్పేది మన మాటల గని, ఆయినతోని ముచ్చట అంతా నాకు అచ్చిన వంకరటింకర అరబ్బీలనే. నా నోరు ఊకుంటదా? వేట బాబా, నేను పెద్ద వేటగాణ్ణి అన్న. ఒట్టి అబద్ధమైతె కాదు. మన చెలకలల్ల ఉచ్చులు వెట్టి కౌజు పిట్టలను పట్టినోణ్ణే. మా చిన్నబాపు నేర్పిండు. ఆయిన పెంపుడు కౌజును పంజరంల వెట్టి కూపిచ్చెటోడు, ఒకపారి ఆ పంజరంతోనే పెండ్లికి కూడ... సరే, అది వేరే ముచ్చట, ఆయినది మొదలు వెడితె పొద్దు గూకుతది. నా లెక్క ఏందంటె, వేటల ముసలాయినను మెప్పిస్తె చుట్టీ దొరుకుతది అని.

తెల్లారి నమాజు కాంగనే తుపాకి ఏసుకొని నడువు అన్నడు. అప్పుడు గట్ల నడిచింది. ఇప్పుడు పర్మిట్ లేంది తుపాకి ముట్టద్దు, నువ్వు ఆశ వెట్టుకోకు.

కొండ అంటె మన ఊరి గుట్ట అనుకునేవు. మన గుట్ట ఎక్కి దిగేలోపు బీడీ కూడ పూర్తిగ కాలది. గీడ పొద్దంత దిగినా అడుగు కనవడది. మబ్బు కింద ఉంటది, మనం మీద ఉంటం. డెబ్బై ఏండ్ల బాబా ఉత్త చెప్పులేసుకొని మేక తీరు పోతుండు. నేను సేఫ్టీ బూట్లేసుకొని, కూసుండి జారుకుంట పోతున్న. ప్యాంటు ఎనుక రెండు కిటికీలు వడ్డయి. ఓ బండ మీద కోతుల మంద కూసుండి మమ్ముల సూస్తున్నది. నిజం చెప్పాలంటె నన్నే సూస్తున్నది. బాబా మల్లి సూసి, "ఓ పెద్ద వేటగాడా, నీకు చెయ్యి ఇయ్యమని ఆ కోతులను అడుగాల్నా?" అన్నడు. నవ్వకు. నువ్వు మీ క్యాంపుల మూడో అంతస్తు ఎక్కితెనే ఇంజను లెక్క రొప్పుతవు.

అక్కడి పిట్టను హజల్ అంటరు. మన కౌజుకు పెద్దన్న అసుంటిది. పొద్దుగాల సంది తిరిగితె పగటీలికి ఒక్కటి లేచింది. బాబా బిస్మిల్లా అన్నడు, పేల్చిండు, పడ్డది. యాడ పడ్డది? లోయ అంచుకు, కింద రెండు తాటిచెట్ల లోతుల, చాపంత బండ మీద. "వేటగాడు ఉన్నడు గదా, దిగు" అన్నడు. దిగిన. ఎట్ల దిగిన్నో నాకైతె ఎరుక లేదు, మీ అత్త మొక్కులే దింపి ఉంటయి.

పిట్టకు ఇంక పానం ఉన్నది. రెక్కలు కొట్టుకుంటున్నది. మల్ల పైకి ఎక్కాల్నంటె రెండు చేతులు కావాలె గదా. చిన్నప్పటి సంది చేతులకు అయిన అలవాటు, ఆలోచన సుత లేదు, మెడ పట్టి తిప్పిన, అంగీల వేసుకొని ఎక్కుతున్న. సగం ఎక్కినంక యాదికచ్చింది, నేను చేసిందేందో.

మన ఊర్ల ఏ పండుగకు యాట కోసినా ముల్ల సాబు రాంది కత్తి పడదు గదా. హలాల్ అంటె ఏందో పొట్టిగున్నప్పటి సంది సూసినోణ్ణి. తుపాకి దెబ్బకే పిట్ట చచ్చిందంటె బాబాకు నడుస్తది, బిస్మిల్లా అనే పేల్చిండు గదా. పానం ఉన్నదంటె తెచ్చి ఆయినకు ఇయ్యాలె, ఆయిన కత్తితోని కోస్తడు. నేనేమో మెడ తిప్పిన. ఇగ అది ఆయిన నోట్లె పెట్టుకునేది కాదు. పొద్దంతకు పడ్డది అదొక్కటే, ఇంటికాడ ఆనాడు అచ్చిన బాబా సుట్టాలు ఎదురుసూస్తున్నరు. నా చుట్టీ కూడ గా లోయల పడ్డదనే అనుకున్న.

పైకి చేరంగనే బాబా అడిగిండు. "నువ్వు పట్టినప్పుడు పానం ఉండెనా, పోయెనా?"

పోయింది బాబా అన్న. ఊకున్ననా? ఆయిన అడుగకముందే వల్లా అని ఒట్టు సుత వెట్టిన. రాజన్నకు మొక్కినోణ్ణి, అల్లా మీద ఒట్టు. సూస్తివా నా తెలివి.

ఇంటికి పోయినంక పిట్టను నిప్పుల మీద కాల్చిండ్రు. సుట్టాల ముందర పెద్ద పళ్లెంల పొట్టేలు మాంసం, అన్నం. పిట్టను మాత్రం బాబా నా దిక్కు జరిపి, "పానానికి తెగించి దిగినోడు వీడు, ఇది వీనిదే" అన్నడు. నా రొమ్ము గింత పొంగింది. బొక్కలు సుత ఇడువలే. వారం తిరుగకముందే పాస్‌పోర్టు చేతుల వెట్టి, మూడు నెలలు పోయి రా అన్నడు. పోయిన. బిడ్డ నన్ను సూసి, ఎవ్వలో అని మీ అత్త ఎనుక దాసుకున్నది. ఎములాడ పోయేనాటికి నా మెడ ఇడువకపోయేది. ఇగ ఊరంత చెప్పుకున్న, షేకు తన నోటికాడి పిట్టను నాకు వెట్టిండని. పదేండ్లు చెప్పుకున్న.

పదేండ్లకు బాబా మంచాన పడ్డడు. కాళ్లు వత్తుకుంట ఒకనాడు, బాబా, నీకు ఒకటి చెప్పాలె, లోపల అరుగుతలేదు అన్న. మొత్తం చెప్పిన. ముసలాయిన దగ్గుకుంట నవ్వుడు వెట్టిండు. "గది నాకు ఆనాడే ఎరుక. పిట్టను చేతుల పట్టంగనే మెడ యాలాడింది. అరువై ఏండ్ల సంది పిట్టలను కొడుతున్న, ఏది దెబ్బకు చచ్చిందో, ఏది చేతుల చచ్చిందో తెల్వదా? అందుకే గద నీకు వెట్టిన" అన్నడు. నేను పదేండ్ల సంది చెప్పుకున్న గొప్ప అంతా గా మంచంకాడ కూలింది.

మరి చుట్టీ ఎందుకిచ్చినవు బాబా అన్న.

ఆయిన నవ్వుడు బంద్ చేసిండు. "లోయల దిగినప్పుడు నీ కాళ్లు వణకలే. ఒట్టు వెట్టినప్పుడు వణికినయి. బిడ్డను సూడనీకి గీ మనిషి నా దేవుని మీద అబద్ధపు ఒట్టు వెడ్తున్నడు అని ఎరుకైంది. రెండేండ్లు నీ కాయిదం ఆపింది ఎవ్వడు? నేను. ఒట్టు నీది గని, దాని పాపం నాది" అన్నడు.

ఆయిన కాళ్లు వత్తుకుంటనే ఉన్న అల్లుడా. ఏడుపచ్చింది, చెప్పుకుంటె సిగ్గేంది. ఆయినే మెల్లగ, "మరి పిట్ట రుచి ఎట్లుండె?" అని అడిగిండు. మస్తుండె బాబా అన్న.

"గా పిట్ట గురించి అడుగంగనే నువ్వు చెప్పిన నిజం గిదొక్కటే" అన్నడు.

పోయిండు పాపం, ఆ చలికాలమే. ఇగ నువ్వు లే, డ్యూటీ యాళ్లైతున్నది. నీ పెండ్లాం నీళ్లాడే నాటికి నువ్వు ఇంటికాడనే ఉండాలె బిడ్డా. నీ నోట ఒక్క ఒట్టు రాకుండనే చుట్టీ దొరకాలె. సల్లగుండు.