లిఫ్టెక్కని పుంజు

"ఆంటీ, స్త్రీల సమాజానికి నన్ను ప్రెసిడెంటుగా పెట్టారు. పెద్దవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. మీరు మొదట్లో ఎలా నెగ్గుకొచ్చారో చెప్పండి, ఫోన్లో రికార్డు చేసుకుంటాను."

నెగ్గుకొచ్చానా? ఎవరు చెప్పారమ్మా నీకు? ముందు ఆ ఫ్యాను కింద నుంచి ఇటు జరుగు షారోనూ, చెమట మీద గాలి తగిలితే జలుబు చేసిద్ది. ఆఁ, అట్లా. తిన్నావా? గ్యాసు కట్టేసే వచ్చావా? కట్టేశాననుకుంటున్నావా, కట్టేసింది చూశావా? రెండూ ఒకటి కాదు మరి. సరేలే, చెప్తాను.

నన్ను ప్రెసిడెంటుని చేసింది దోశెలే తల్లీ. నవ్వకు. అప్పుడు రోజులు బాగాలేవు. సాఫ్టువేరు పిల్లలకి వరసబెట్టి ఉద్యోగాలు పోతున్నాయి. పొద్దున్నే మెళ్ళో ట్యాగు వేసుకుని ఇంట్లోంచి బయల్దేరి, ఎక్కడో పార్కులో కూర్చుని, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినట్టే తిరిగొచ్చే పిల్లలు మన సంఘంలోనే ఉన్నారు. అడిగితే చెప్పరు. పిలిచి పెడితే తినరు. పౌరుషం.

మన లూథరన్ వాళ్ళకి ఊళ్ళ నుంచి వచ్చిన పిడికెడు బియ్యం ఆచారం ఉందిగా. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పోసి, ఆదివారం గుడికి తేవడం. మా అమ్మ కాలంలో ఊరంతా ఒకటే బియ్యం, అక్కుళ్ళు. రూపాయి పెడితే కిలో వచ్చేది. కాదు, ఇంకా ఎక్కువే వచ్చేదని మా నాన్న కొట్లాడేవాడు. ఆయన దేనికైనా కొట్లాడేవాడులే, అది వేరే కథ. ఇక్కడ గచ్చిబౌలిలో చూడు మరి. ఒకరిది సోనా మసూరి, ఒకరిది బాస్మతి, ఒకరిది రేషను బియ్యం, షుగరు వాళ్ళది ముడిబియ్యం. నాలుగో వరసలో కూర్చునే మేనేజరమ్మ ఏదో కీన్వా అంట, పిచ్చుకలకి చల్లే గింజల్లా ఉంటాయి, అవి తెచ్చి పోసింది. అన్నీ ఒకే డ్రమ్ములో! మొదటి వారం వండితే సగం గంజయింది, సగం రాళ్ళలా ఉంది, కీన్వా ఏమో తోకలు మొలిచి పైన తేలింది. పాస్టరుగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారని అందరూ లేచి నిలబడ్డారు.

నేను అమ్మాయిల హాస్టల్లో వంటమనిషిని కదా. "మినప్పప్పు పోసి రుబ్బెయ్యండి" అన్నాను. అంతే. ఆరాధన అయిపోగానే అందరికీ దోశెలు. సంఘపెద్దకీ అవే, ట్యాగు పిల్లలకీ అవే, ఒకే వరసలో నిలబడి తినాలి. జీతం వచ్చేదెవరికో రానిదెవరికో దోశెకి తెలియదుగా. ఆ పిల్లలు కడుపునిండా తినేవాళ్ళు, నేను అటు తిరిగి పెనం చూసుకునేదాన్ని. మిగిలిన పిండి డబ్బాల్లో పోసి ఇంటింటికీ పంచేదాన్ని. అది చూసి నన్ను ప్రెసిడెంటంటే ప్రెసిడెంటన్నారు. ఈవిడ నలుగురిలో మాట్లాడగలదా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నాకు ఫోన్లో అయితే మాటలు బాగానే వస్తాయమ్మా. పిల్లల్ని ఫోన్లో పెంచినదాన్ని కదా. ఇద్దర్నీ గుంటూరులో బోర్డింగులో వేసి, నేనిక్కడ వంట చేసుకుంటూ, రోజూ ఫోను. నూనె రాసుకున్నావా, చెవుల్లో దూది పెట్టుకున్నావా, గోడ పక్కన పడుకోకు, తేలుంటది. మా వాడికి పెళ్ళయ్యాక కూడా తేలు సంగతి చెప్పాననుకో, కోడలు స్పీకర్లో విన్నది. అయితే ఎదురుగా మనిషి నిలబడితే మాత్రం నాకు నాలుక అతుక్కుపోయిద్ది.

అట్లాంటిదాని నెత్తిన లిఫ్టు గొడవ పడింది.

లచ్చమ్మ అని, మా హాస్టల్లో పొద్దున గిన్నెలు తోమి, ఆ తర్వాత పక్కనున్న టవర్లలో పనికి పోయేది. మెదక్ వైపు మనిషి. మోకాళ్ళు అరిగిపోయినాయి. ఆ టవర్లలో పనివాళ్ళు సామాన్ల లిఫ్టులోనే ఎక్కాలని రూలు. ఆ సామాన్ల లిఫ్టేమో చెడిపోయి నెలలైంది, ఏదో పార్టు రావాలంట. రూలు మాత్రం బాగానే పనిచేస్తోంది. పాపం పన్నెండో అంతస్తుకి మెట్లెక్కి పోవాలి. ఎక్కలేకపోతే ఆ పని మానుకోవాలి, మానుకుంటే గది కిరాయి ఎట్లా? ఒకరోజు గిన్నెల దగ్గర మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. "అక్కా, పండుగ దాంక జూస్త. గప్పటికి తగ్గకుంటే ఇగ ఊరికే పోత" అంది. ఊళ్ళో ఏముంది దానికి, ఏమీ లేదు.

నేను మన స్త్రీల సమాజంలో చెప్పాను. ఒకావిడ లేచి, "ఆమె మన సంఘస్తురాలు కాదుగా" అంది. నాకెక్కడి నుంచి వచ్చిందో మాట, "లిఫ్టు మాత్రం లూథరనా ఏంటి?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వి, "అయితే మీరే వెళ్ళి అడగండి సువార్తమ్మగారూ" అని తీర్మానం చేసేశారు. చూశావా, నోరు తెరిస్తే ఇదీ ఫలం.

అడగాల్సింది ఎవర్ని? ఆ టవర్ల అసోసియేషను సెక్రటరీ ఎవరనుకున్నావు? మన సంఘపెద్ద ఆశీర్వాదంగారే! రూలు రాసింది ఆయనే. ఆయన చెడ్డాయనైతే బాగుండు, నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచాయన. జిమ్ము పైన మన ఆరాధన హాలు ఉందిగా, దాని కిరాయికి ఎవరూ అడక్కముందే చెయ్యి పెట్టేది ఆయన. పాస్టరుగారు ఆమేన్ అనేలోపు కింద ఎవరో ఇనుము దబ్బున పడేస్తే, అందరికంటే ముందు నవ్వేదీ ఆయనే. ఇట్లాంటి మనిషి దగ్గరికెళ్ళి నీది తప్పు అని ఎట్లా చెప్తాం?

ఆరాధనయ్యాక దగ్గరికెళ్ళాను. "ఏం సువార్తమ్మా?" అన్నాడు. నేను, "షుగరు ఎట్లా ఉందండి?" అన్నాను. అరగంట చెప్పాడు. పరగడుపుది, తిన్నాకది, మెంతులు నానేసినప్పటిది, అన్నీ. పై వారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ షుగరే. సంఘంలో నా అంత శ్రద్ధ ఎవరికీ లేదని అందరికీ చెప్పుకున్నాడంట. ఇక కాదని ఫోను చేశాను, ఫోన్లో అయితే ధైర్యం కదా. ఆయన హలో అనగానే అలవాటు కొద్దీ, "చలి మొదలైంది, చెవుల్లో దూది పెట్టుకోండి" అని పెట్టేశాను.

ఇట్లా ఉండగా కోతపండుగ వచ్చింది. ఇక్కడ కోతలేముంటాయి, కరెంటు కోత తప్ప! అయినా తొలిఫలాలు తేవాల్సిందే, వేలం వెయ్యాల్సిందే. మా ఊళ్ళో అయితే గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, పొట్టేలు. ఇక్కడ బాల్కనీ కరివేపాకు, మనీ ప్లాంటు, ఒక అవకాడో. ఉద్యోగం పోయిన పిల్లాడొకడు ఆఫీసు బల్ల మీద నుంచి తెచ్చుకున్న ముళ్ళచెట్టు తెచ్చాడు, "నా దగ్గర పెరిగింది ఇదొక్కటే" అని. దాని మీద ఎంత పోటీ పడ్డారనుకున్నావు! చివరికి కొన్నాయన వేలికి ముల్లు గుచ్చుకుంది, ఆ చెయ్యి పైకెత్తి స్తోత్రం అన్నాడు.

నేను హాస్టలు మేడ మీద పెంచిన పుంజుని ఇచ్చాను. మేడ మీద పిట్టగోడ చిన్నది కదా, ఎక్కడ పడిద్దోనని దాని కాలికి తాడు కట్టి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి పెంచాను. ఇంత లావైంది. ఆశీర్వాదంగారి వియ్యంకుడు వచ్చి ఉన్నాడు, ఆయనకి నాటుకోడి పులుసు పెడతానని మాటిచ్చాడంట. పాడాడు, పాడాడు, ఎవరినీ పాడనివ్వలేదు. ఎంతకి పోయిందో చెప్పను, కానుక సంగతి చెప్పుకోకూడదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! అందరం చప్పట్లు కొట్టాం. పుంజుని చేతికివ్వబోతే ఆయన వెనక్కి ఒక గెంతు గెంతాడు.

కోడంటే భయమంట ఆయనకి! చిన్నప్పుడు పొడిచిందంట.

"నువ్వే కాస్త ఇంటిదాకా తీసుకురా సువార్తమ్మా" అన్నాడు. కార్లో ఆయన ముందు, నేనూ పుంజూ వెనక. టవరు కింద దిగి లిఫ్టు దగ్గరికెళ్తే వాచ్‌మన్ యాదగిరి అడ్డం నిలబడ్డాడు.

"సార్, కోడిని గీ లిఫ్ట్‌ల తీస్కపోనీకి లేదు. సామాన్ల లిఫ్ట్‌లనే. మీరే రాసిండ్రు సార్."

"అది చెడిపోయిందిగదయ్యా!"

"అవ్ సార్, చెడిపోయింది."

"నేను రాసింది సామానుకీ పనివాళ్ళకీ గదా."

"కోడి సామానే గద సార్. గీ అమ్మ వంటపని చేస్తది. ఇద్దరు రూల్లనే ఉన్నరు. మీరు పోవచ్చు సార్, మీకేం లేదు."

వాడు వెటకారం చెయ్యట్లేదమ్మా, నిజంగానే భయం. అంతకుముందు ఎవర్నో ఎక్కనిచ్చాడని ఈయనే కేకలేశాడంట. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆయన ఒక కాలు లోపల పెట్టాడు. నా వంక చూశాడు. "మీరు పదండి, మేం ఎక్కొస్తాం" అన్నాను. మేం అంటే నేనూ పుంజూ. ఆయన ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. మంచాయనని చెప్పానా? "ఛ, నిన్నొక్కదాన్నే పంపుతానా? పద, కలిసే ఎక్కుదాం. ఎంత, పన్నెండే కదా" అన్నాడు.

మూడో అంతస్తు దాకా షుగరుకి నడక మంచిదని చెప్పాడు. నాలుగులో చెప్పడం మానేశాడు. ఐదులో పుంజు కూసింది చూడు, ఆ మెట్ల మధ్య అది మోగి మోగి, ప్రతి ఫ్లాటులోనూ కుక్క లేచింది! తలుపులు తీసి చూస్తున్నారు జనం. సెక్రటరీగారు చెమటలు కారుతూ, వెనకాల నేను పుంజుని చంకలో పెట్టుకుని. ఒకాయన అయితే "ఏదైనా ఊరేగింపా సార్?" అని అడిగాడు.

ఏడో అంతస్తు దగ్గర ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. నీళ్ళ సీసా ఇచ్చాను, చెమట తుడిచాను, పుంజు రెక్కతో కాస్త విసిరాను కూడా, భయపడ్డాడులే. అప్పుడు కింద నుంచి టక్, టక్ అని చప్పుడు. లచ్చమ్మ. ఒక చేతిలో బకెట్, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతోంది. ఆయన కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు.

"నువ్వు రోజూ ఇట్లానే ఎక్కుతావా?" అన్నాడు.

"లే సార్. రోజు కోడి ఉండది" అంది అది.

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇక అప్పుడు నాకు నోరొచ్చిందమ్మా. ఎదురుగా నిలబడి కాదులే, పక్క మెట్టు మీద కూర్చుని, పుంజు మొహం చూస్తూ చెప్పాను. "అయ్యా, ఈ లచ్చమ్మ మోకాళ్ళు పోయాయి. పండుగ దాటితే ఊరెళ్ళిపోతానంటోంది. మీరు రాసిన రూలు మీరే తీసెయ్యాలి. సమాజం తరఫున అడుగుతున్నాను. సమాజం లేకపోయినా అడుగుతున్నాను."

ఆయన చాలాసేపు రొప్పాడు. "ఇన్ని వారాలుగా షుగరు ఎట్లా ఉందన్నావే, అడగాలనుకున్నది ఇదా?"

"ఇదేనండి."

"మరి దూది?"

"దూది నిజంగానే పెట్టుకోమన్నానండి."

మీటింగు పెట్టాడు. ఊరికే ఒప్పుకుంటారా? శుభ్రత అన్నారు, సెక్యూరిటీ అన్నారు, లిఫ్టులో చోటు చాలదన్నారు. ఈయన లేచి, "ఆ రూలు రాసింది నేను, తప్పు రాశాను. మీకు తప్పనిపించకపోతే సామాన్ల లిఫ్టు బాగయ్యేదాకా కమిటీ అంతా మెట్లే ఎక్కుదాం, రేపట్నుంచే" అన్నాడంట. చేతులన్నీ పైకి లేచాయంట, కాఫీ రాకముందే అయిపోయింది మీటింగు.

లచ్చమ్మ ఆ లిఫ్టెక్కిన మొదటి రోజు నన్నూ రమ్మంది, ఒక్కతే ఎక్కాలంటే భయం. లోపల నిలువుటద్దం ఉంది. జుట్టు సర్దుకుని, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని, "గీ అద్దం అరుగుతదనా అక్కా, ఇన్నొద్దులు మమ్ముల ఎక్కనియ్యంది?" అంది. ఇప్పటికీ అక్కడే చేస్తోంది. మోకాలికి దవాఖానలో మందిచ్చారు.

పుంజా? ఇంత ముదురుది ఉడకదని ఆశీర్వాదంగారి భార్య ఒప్పుకోలేదు, వియ్యంకుడికి బిర్యానీ తెప్పించారు. పుంజుని ఆయన తిరిగి దేవుడికే ఇచ్చేశాడు. దేవుడికంటే ఎవరికి, నాకే. అదీ మెట్ల మీదుగానే దిగింది. లిఫ్టు దగ్గర ఇప్పుడు కొత్త బోర్డుంది, వెళ్ళినప్పుడు చూడు, ఆయనే రాయించాడు. "ఈ లిఫ్టు అందరిదీ." దాని కింద చిన్న అక్షరాల్లో, "కోళ్ళకు ప్రవేశం లేదు."

కాబట్టి నన్ను అడక్కు తల్లీ, ఎట్లా మాట్లాడాలని. నాకిప్పటికీ తెలియదు. నువ్వు వెళ్ళు, షుగరు గురించైనా అడుగు, వెళ్ళడం మాత్రం మానకు. దేవుడు నీకు ధైర్యం ఇస్తే సరే, ఇవ్వకపోతే వేళకి ఒక లావుపాటి పుంజునైనా పంపాలి. చల్లగా ఉండు. దిగేటప్పుడు చూసి దిగు, రెయిలింగు పట్టుకో... చున్నీ బండి చక్రంలో పడకుండా చూసుకో... చేరగానే ఫోను చెయ్యి...