కాగితాల మంచు

అది రాకెట్టా డాక్టరమ్మా? చెత్తబుట్టకి రెక్కలు కట్టారంతే. మా ఇంట్లో కంపుకొట్టేవన్నీ అందులోనే ఉన్నాయి.

నా సంగతి అడుగుతున్నారు, తెలుసు. చెబుతాను. ముందు ఇది వినండి.

మా అబ్బాయి కార్ఖానాలో చలికాలం సెలవులకి ముందు పోటీ పెట్టారు. ఇంట్లో పారేసే సామానుతో రాకెట్ చెయ్యాలి, సెలవులకి తగ్గట్టు అలంకరించాలి, అది ఎగరాలి. నలభై ఆరేళ్ళు వాడికి, మోటార్లు బాగుచేసే మెకానిక్కు. వారం రోజులు మా భోజనాల బల్లని షెడ్డు చేశాడు. అడుగున కూల్‌డ్రింక్ సీసా, కడిగిన పాపాన పోలేదు, చుట్టూ చీమలు. రెక్కలకి పాత చెప్పుల పెట్టె. చెప్పుల పెట్టె అండీ, అన్నం తినే చోట! మంచులా కనబడాలని దూది, దూది అంటించడానికి మైదా జిగురు. మూడో రోజుకి అది పులిసింది. ముక్కు మూసుకుని అన్నం తిన్నాను.

"కొంచెం ఓర్చుకోండి అత్తయ్యా, ఆయనకి చాన్నాళ్ళకి సరదా పుట్టింది" అంది కోడలు. సరదాకి పులిసిన కంపుంటుందని అప్పుడే తెలిసింది.

బయట కుర్చీలో ఉందే, ఆవిడే. నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది.

పోటీ ముందురోజు సీసా మీద నిలబెట్టడానికి గొట్టం కావలసొచ్చింది. నా బీరువాలో ఒక అట్ట గొట్టం ఉంది, రెండు వైపులా గుడ్డ కుక్కి. అది పట్టుకుపోయాడు. అడిగి తీసుకోవద్దూ?

లోపలా? చీటీలు. నేను రాసుకున్నవి. పొద్దున్నే తలుపేసుకుని, అన్నీ ఒకసారి చదువుకుని, అప్పుడు బయటికొస్తాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదు అప్పటిదాకా.

పోటీ రోజు కార్ఖానా మైదానంలో సీసాకి నీళ్ళు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. మూడంతస్తులెత్తు లేచింది, అబద్ధం ఎందుకు. గొట్టం పైన పెట్టిన టోపీ ఊడింది, గుడ్డ ఊడింది, నా చీటీలన్నీ గాల్లో. జనం ఒకటే చప్పట్లు. మంచు కురిపించాడనుకున్నారు! మొదటి బహుమతి కూడా ఇచ్చారు, స్టీలు డబ్బాల సెట్టు.

తర్వాత ఏరుకుని చదివారు. అదీ రోతంటే. ఎవరెవరివో జిడ్డు చేతులు, నా అక్షరాలు. 'గ్యాసు కట్టావా, మళ్ళీ చూడు.' 'ఆయన పోయి ఆరేళ్ళు. కంచం పెట్టకు.' ఎవరో పైకి చదివి నవ్వారు. మా వాడు నవ్వలేదు. కోడలు ఒకటి మడిచి సంచిలో పెట్టుకుంది. అదేదో నాకు తెలుసు. 'కళ్ళజోడు ఆవిడ కోడలు. పేరడగకు, బాధపడుతుంది.'

ఇంటికొచ్చాక కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఎన్నిసార్లయినా అడగండి అత్తయ్యా, చెబుతాను" అంది. తిట్టినా బాగుండేది.

ఇంకోటుంది. వాడు అడగకుండా తీసుకోలేదు డాక్టరమ్మా. "అమ్మా, గొట్టమేమన్నా ఉందా?" అని అడిగాడు. నేనే బీరువా తీశాను. "ఖాళీదేరా, తీసుకో" అన్నాను. దూది అద్దే తొందరలో వాడూ చూడలేదు. అన్నిటికీ చీటీ రాసుకున్నదాన్ని, గొట్టానికి మాత్రం రాయలేదు.

రాసుకోండి, రాసుకోండి. నా చీటీలు ఇకమీదట మీ దగ్గరే ఉండనివ్వండి.

ఆ మైదా కంపు మాత్రం బల్లని వదల్లేదు. అదొక్కటే చీటీ లేకుండా గుర్తుంటోంది.