రోజుకి ఇరవై ఆరు గంటల ఉపవాసం

"నవ్వకండయ్యా! సోమవారం డిపో డాక్టరు నన్ను కాటా ఎక్కిస్తాడు. బరువు తగ్గలేదో, స్టీరింగ్ లాక్కుని టికెట్ల గదిలో కూర్చోబెడతారు. ముప్ఫై ఏళ్ళుగా డ్రైవర్ని! అందుకే నెల్లాళ్ళుగా రోజుకి పదహారు గంటలు ఉత్త మంచినీళ్ళు, ఒక్క విటమిన్ బిళ్ళ. మొదటి వారమే ఆగిపోయిన బస్సుని ఒక్కణ్ణే నెట్టాను."

"పల్లంలోకా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఎగువకి! వంతెన మీద, లోపల యాభై నలుగురు, వెనక భుజం ఆనించి ఊఁ అన్నానంతే, ముందున్న ఎక్స్‌ప్రెస్‌ని దాటేసింది. లోపల్నుంచి ఓ పెద్దావిడ 'బాబూ, కాస్త నెమ్మదిగా నెట్టు, కళ్ళు తిరుగుతున్నాయి' అని ఒకటే కేకలు."

"మరి స్టీరింగ్ ఎవరు పట్టుకున్నారు బావా?" అన్నాడు దర్జీ, డ్రైవర్ బావమరిది.

"నేనే! నెట్టడం, పరిగెత్తుకెళ్ళి తిప్పడం, మళ్ళీ దిగి నెట్టడం. అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జ్ఞాపకశక్తి బిళ్ళ మొదలెట్టాను. పరగడుపున దాని పనితనమే వేరు. మరిచిపోయిన ఎక్కాలన్నీ వచ్చేశాయి. ఇంకాస్త వెనక్కెళ్తే, నేను పుట్టినప్పుడు నర్సమ్మ అన్న మాట కూడా గుర్తొచ్చింది."

"ఏమంది?"

"'వీడు మామూలోడు కాదు' అంది. మూడోది ఐరన్ బిళ్ళ. అది పడ్డాక ఇంట్లో గరిటెలు నా వెంటపడ్డాయి. మీ అక్క వంట ఆపేసి నా వీపు మీంచి చెంచాలు ఊడబీక్కుంటోంది, అబద్ధమైతే అడుగు! నాలుగోది ఎండలో దొరికే విటమిన్. కరెంటు పోతే ఇంటిల్లిపాదీ నా చుట్టూ చేరి పేపరు చదువుకున్నారు. ఇక ఆకలెక్కడిది? పదహారు గంటలు ఏ మూలకి? ఇరవై చేశాను. ఇప్పుడు రోజుకి ఇరవై ఆరు!"

"రోజుకి ఉన్నవే ఇరవై నాలుగు కదయ్యా!"

"అవి తినేవాళ్ళకి!"

కొట్టంతా గొల్లుమంది. దర్జీ గ్లాసు కింద పెట్టాడు.

"బావా, నీ ఖాకీ ప్యాంటు నడుము రెండంగుళాలు వదులు చేశాను. జేబులో బిళ్ళల షీటుంది. ఒక్కటీ చింపలేదు. పక్కనే రెండు బిస్కెట్ ప్యాకెట్లు, అవి మాత్రం ఖాళీ."

డ్రైవర్‌కి సోమవారం తలుచుకుంటే నిజంగానే భయమేసింది. దర్జీ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, మీ అక్కకి మాత్రం చెప్పకు."

"జేబు వెతికి ప్యాంటు నాకిచ్చింది అక్కే బావా. రేపట్నుంచి నీ బస్సులో ముందు సీటు తనదేనట."