పలికే లాప్‌టాప్

కొట్లో మూడో లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తెరిచింది కూతురు. మెడకు శాలువా చుట్టుకున్న తల్లి పక్కనే స్టూలు మీద కూర్చుంది.

"మొదటిది తేలిగ్గా ఉందిగా, అదే తీసుకోరాదూ?"

"లినక్స్ పెడితే దాని స్పీకరు పలకట్లేదమ్మా."

"పలక్కపోతే ఏం?"

"రేపు ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక, నువ్వు టైపు చేసింది నీ గొంతుతో చెప్పాల్సింది ఇదేగా. నీ గొంతు రికార్డు చేసి పెట్టిన ప్రోగ్రాం లినక్స్‌లోనే నడుస్తుంది."

కూతురు ఏదో టైపు చేసింది. "గొడుగు మర్చిపోకు," అంది లాప్‌టాప్, తల్లి గొంతుతో.

తల్లి దానివైపు వంగింది.

"నేనింత కసురుకుంటానా?"

"ఇంకా ఎక్కువే. ఇది బాగా పలుకుతోంది. నువ్వూ ఏదైనా కొట్టి చూడు."

తల్లి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"రేపట్నుంచి ఎలాగూ అదే మాట్లాడుతుంది. ఇవాళ్టికి నన్ను మాట్లాడనీవే."